వీణకి శ్రుతి ఎవరు చెయ్యాలి?

వీణ వున్న ఇళ్ళు మన కృష్ణాజిల్లాలో తక్కువేమీ కాదు. వీణ వినిపించే ఇళ్ళు మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టాలి. చాలా ఇళ్ళలో అది గవిసెన తొడుక్కుని బీరువా మీదో, మంచం కిందో పడుకుని వుంటుంది. దసరాల్లో ఒక్కసారి బయటికి తీసి, దుమ్ము దులిపి, బొట్టు పెట్టి సరస్వతీ పూజలో కూర్చోబెడతాం. మర్నాడు మళ్ళీ యథాస్థానం. ఎవరైనా అడిగితే, "పెళ్ళికి ముందు బాగానే వాయించేదాన్నండీ! తర్వాత సంసారంలో పడి వదిలేశాను" అని ఆ ఇంటావిడ నవ్వేస్తుంది.

సంసారమే కారణమైతే మిగతావి కూడా పోవాలి కదా? కుట్లూ అల్లికలూ పోలేదు. ముగ్గులు పోలేదు. గాత్రం నేర్చుకున్నావిడ పప్పు ఎనుపుతూ కూడా కూనిరాగం తీస్తూనే వుంది. వీణ ఒక్కటే ఎందుకు మూగబోయినట్టు? అత్తగారి మీదికి తోసెయ్యడం తేలికే గాని, పాపం, అన్నింటికీ ఆవిడేనా? నాకు తోచిన కారణం వేరు. మనకి వీణ నేర్పిన పద్ధతిలోనే లోపం వుంది. అందులోనూ చూడటానికి చాలా చిన్నదిగా కనిపించే ఒక్క విషయంలో వుంది. పాఠం మొదలుపెట్టే ముందు వీణకి శ్రుతి ఎవరు చేసేవారు? అదీ ఆ విషయం.

1970 ప్రాంతాల్లో బందరులో మా ఇంటికి సంగీతం మేష్టారు ఒకాయన వచ్చేవారు. వారానికి మూడు రోజులు, రోజుకొక గంట. రాగానే కాళ్ళు కడుక్కుని, అమ్మ ఇచ్చిన కాఫీ తాగి, చాప మీద కూర్చుని వీణ ఒళ్ళోకి తీసుకునేవారు. బిరడలు అటూ ఇటూ తిప్పి, పూసలు జరిపి, అయిదు నిమిషాల్లో శ్రుతి చేసి, "ఊఁ, రా అమ్మా" అని నా ముందు పెట్టేవారు. ఆ అయిదు నిమిషాలూ నేను కిటికీలోంచి వీధిలోకి చూస్తూ వుండేదాన్ని. అది వారి పని, మనకి సంబంధం లేదు అన్నట్టుగానే వుండేది వ్యవహారం. తర్వాత నోటుపుస్తకంలో స్వరాలు రాసిచ్చేవారు. వారి వేళ్ళు ఏ మెట్టు మీద పడితే నా వేళ్ళు ఆ మెట్టు మీద పడేవి. సరళీ వరసలు, జంట వరసలు, అలంకారాలు, గీతాలు అయ్యాయి. పెళ్ళిచూపుల నాటికి రెండు కీర్తనలు సిద్ధంగా వుండాలని పెద్దవాళ్ళు తొందర పెట్టేవారు. వారు పాపం ఆ రెండూ నేర్పించారు.

పెళ్ళయ్యాక సారెతోపాటు వీణా గూడూరు వచ్చింది. బందరు నుంచి గూడూరు ఎంత దూరం గనక? కాని ఆ కాస్త ప్రయాణానికే దాని శ్రుతి చెదిరిపోయింది. వాయించబోతే నాకే భయం వేసింది. బందరు నుంచి ఒకసారి ఎవరినో పిలిపించారు. ఆయన శ్రుతి చేసి వెళ్ళిన నాలుగో రోజుకి మళ్ళీ మొదటికొచ్చింది. మాటిమాటికీ మనిషిని పిలిపించడం ఏ ఇంట్లో సాగుతుంది చెప్పండి? ఆ రెండు కీర్తనలూ నా వేళ్ళకి కంఠతా వచ్చు. కాని వీణని వాయించడానికి తగినట్టు సిద్ధం చేసుకోవడం మాత్రం ఎవరూ నేర్పలేదు. నాలాంటి వాళ్ళు ఈ చుట్టుపక్కల ప్రతి వీధికీ ఒకరు దొరుకుతారు.

అసలే మనది సముద్రం పక్క నేల. గాలిలో ఉప్పు, తేమ. తీగలు తుప్పు పడతాయి. వీణ చేసేది పనసకర్రతో. నూజివీడు వీణ అయినా, బొబ్బిలి వీణ అయినా అంతే. మెట్లు నిలబడేది మైనం మీద. వైశాఖ మాసపు ఎండలకి మైనం మెత్తబడుతుంది, వర్షాకాలంలో కర్ర బిగుస్తుంది. పొద్దున్న కుదిరిన శ్రుతి సాయంత్రానికి నిలుస్తుందన్న నమ్మకం లేదు. ఇలాంటి చోట శ్రుతి చేసుకోవడం రాని మనిషికి వీణ ఇవ్వడమంటే, పొయ్యి వెలిగించడం నేర్పకుండా వంట నేర్పినట్టే. పక్కింటావిడ వచ్చి వెలిగించి వెళితేగాని అన్నం వుడకదు!

ఇంతకీ శ్రుతి చెయ్యడం అంత బ్రహ్మవిద్యా? వీణకి ఏడు తీగలు. మెట్ల మీద వుండేవి నాలుగు, పక్కన తాళం వేసే తీగలు మూడు. ఈ ఏడింటినీ కలపడానికి మనం గుర్తుపట్టాల్సిన స్వరాలు ఎన్నో తెలుసా? రెండే. షడ్జం, పంచమం. సారణి షడ్జానికి, దాని తర్వాతిది కింది పంచమానికి, మూడోది మంద్ర షడ్జానికి, నాలుగోది ఇంకా కింది పంచమానికి. తాళపు తీగలు కూడా షడ్జ పంచమ షడ్జాలే. ఒక్క 'స', ఒక్క 'ప' చెవికి పట్టుబడితే మొత్తం వీణ పట్టుబడినట్టే. మరి ఈ రెండింటినీ నేర్పకుండా కీర్తనలు ఎలా నేర్పేవారో అని ఇప్పుడు ఆశ్చర్యం వేస్తుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా గూడూరులోనే ఇంటి దగ్గర వీణ నేర్పే పంతులమ్మగారు ఒకరున్నారు. పేరు రాయొద్దన్నారు, రాయను. ఆవిడ పాఠం చెప్పే తీరు రెండేళ్ళుగా గమనిస్తున్నాను. మా వీధి పిల్లలు నలుగురైదుగురు వెళతారు. ఆవిడ పద్ధతిలో మెచ్చుకోవలసిందీ వుంది, నాకు నచ్చనిదీ వుంది. రెండూ చెబుతాను.

చేరిన కొత్తలో ఆవిడ ఎవరిచేతా వీణ మీటించరు. శ్రుతిపెట్టె పెట్టి, పిల్లని ఎదురుగా కూర్చోబెట్టి 'స' అనమంటారు, 'ప' అనమంటారు. గొంతు బాగుందా లేదా అని చూడరు, గొంతు శ్రుతిలో కలిసిందా అన్నదే చూస్తారు. రెండు వారాలయ్యాక వీణ తెచ్చి ముందు పెట్టి, కావాలని ఒక బిరడ తిప్పి తీగ దించేస్తారు. "ఇప్పుడు దీన్ని మళ్ళీ పైకి తీసుకురా" అంటారు. పిల్ల బిరడ తిప్పుతుంది. ఎక్కువైపోతుంది. దింపుతుంది. తక్కువైపోతుంది. చివరికి బిక్కమొహం పెట్టి, "వచ్చేసిందా టీచరుగారూ?" అంటుంది.

"నన్నడుగుతావేమిటే? తీగనడుగు!" అంటారావిడ.

తీగ చెబుతుందా అంటే నిజంగానే చెబుతుంది. రెండు తీగలు దాదాపు ఒకే స్థాయికి వచ్చినప్పుడు కలిపి మీటితే ధ్వని నిలకడగా వుండదు. ఉయ్యాలలా వూగుతూ అలలు అలలుగా వినిపిస్తుంది. దగ్గరవుతున్నకొద్దీ ఆ వూపు నిదానిస్తుంది. పూర్తిగా కలిసిన క్షణాన ఆగిపోతుంది. కాలవలో రాయి వేస్తే అలలు లేచి, క్రమంగా సద్దుమణిగి నీళ్ళు తేటపడినట్టన్నమాట. ఎనిమిదేళ్ళ పిల్లకి కూడా ఒకసారి ఇది వినిపించిందంటే ఇక మరిచిపోదు. పంచమం తీగని అయిదో మెట్టు మీద నొక్కితే షడ్జం పలకాలి, అది సారణితో కలవాలి అన్న చిట్కా కూడా అప్పుడే చెబుతారు. అంటే మేష్టారు లేకపోయినా సరిచూసుకునే దారి చేతికిచ్చేశారు.

రెండోది నోటుపుస్తకం సంగతి. ఆవిడ రాసివ్వరు. పాఠం ముందు నోటితో పాడాలి, పాడింది వాయించాలి, ఇంటికి వెళ్ళాక గుర్తున్నంతవరకు పిల్లే రాసుకోవాలి. మర్నాడు ఆవిడ దిద్దుతారు. ఆ దిద్దుబాటులో పిల్ల చెవికి ఏది అందింది, ఏది అందలేదు అన్నది స్పష్టంగా తెలిసిపోతుంది. మాయామాళవగౌళలో సరళీ వరసలతో మొదలుపెట్టడం పురందరదాసుగారు వేసిన బాట అంటారు. బాట అందరికీ ఒకటే. కాని పుస్తకం చూసి నడిచేవాళ్ళు పుస్తకం మూస్తే ఆగిపోతారు.

మూడోది తీగ కట్టడం. తెగిన తీగ తీసేసి కొత్తది కట్టుకోవడం, లంగరు దగ్గర ముడి వెయ్యడం, పూసలు జరపడం ప్రతి పిల్లకీ రావాలి. ఆడపిల్లలకి ఈ మేకులూ ముడులూ ఎందుకండీ అని ఒక తల్లి అడిగితే, "కుట్టుమిషనుకి సూది మీరే మార్చుకుంటారు కదమ్మా?" అన్నారు. ఆ మాటతో ఆవిడ ఇంకేమీ అనలేకపోయింది.

ఇదేదో కొత్త పద్ధతి అనుకునేరు. నిజానికి పాతదే. మన దివిసీమలోని పెదకళ్ళేపల్లిలో సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారు వుండేవారు. త్యాగరాజస్వామి శిష్యులు మానాంబుచావడి వెంకటసుబ్బయ్యగారి దగ్గర చదువుకున్నారు. ఆయన శిష్యులే మన పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు. పంతులుగారి శిష్యుల్లో మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి పేరు ఎరగని వారుండరు. ఫిడేలు విద్వాంసులు అన్నవరపు రామస్వామిగారూ ఆయన శిష్యులే. 2021లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. చూశారా, పంతులుగారు ముఖ్యంగా గాత్ర విద్వాంసులుగా ప్రసిద్ధులు. వారి దగ్గర ఒకరు ఫిడేలులో పేరు తెచ్చుకున్నారు. గాయకుడైన బాలమురళిగారు వయోలా, ఫిడేలు, మృదంగం కూడా వాయించారు. చెవి తయారైతే చెయ్యి దానివెంట నడుస్తుందనడానికి ఇంతకన్నా దగ్గర వుదాహరణ మనకెందుకు?

అయితే ఒక తేడా వుంది. ఆ రోజుల్లో శిష్యుడు గురువుగారి ఇంట్లోనే వుండేవాడు. పొద్దున్న గురువుగారు తంబురా శ్రుతి చేసుకుంటుంటే పక్క గదిలో నీళ్ళు తోడుతూ వినేవాడు. ఇంకొకరికి చెప్పే పాఠం వినేవాడు. ఎవరూ నేర్పకుండానే రోజుకి నాలుగైదు గంటలు చెవికి శిక్షణ జరిగిపోయేది. ఇంటికొచ్చి గంటసేపు చెప్పే ట్యూషను మేష్టారి దగ్గర ఆ వినికిడి ఎక్కడుంది? గురుకులంలోంచి పాఠాలనీ వరసలనీ తెచ్చుకున్నాం, వినికిడిని అక్కడే వదిలేశాం. అందుకే గురుకులంలో చెప్పనక్కర్లేకుండా వచ్చిన శ్రుతిజ్ఞానాన్ని, ట్యూషనులో పాఠంగా పెట్టి మరీ నేర్పాలి. మా పంతులమ్మగారు చేస్తున్నది సరిగ్గా అదే. ఆవిడ పద్ధతికి నేను విలువ ఇచ్చేది అందుకే.

ద్వారం వెంకటస్వామి నాయుడుగారినే తీసుకోండి. చూపు సరిగా లేక బడి చదువు ముందుకు సాగలేదు. అన్నగారి దగ్గర ఫిడేలు నేర్చారు. 1919లో విజయనగరం సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరడానికి వెళితే, వాయిద్యం విని ఏకంగా ఆచార్యుడిగానే వేసుకున్నారు. 1936లో ఆ కళాశాలకే అధ్యక్షులయ్యారు. కన్ను సహకరించని చోట చెవి ఎంత దూరం తీసుకువెళుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఫిడేలు మాటొచ్చింది గనక ఇంకొక విషయం. ఫిడేలుకి మెట్లు లేవు. వేలు వెంట్రుకవాసి జరిగితే అపస్వరం. కాబట్టి ఆ మేష్టారు మొదటి రోజునుంచీ శిష్యుడి చెవిని పట్టించుకోక తప్పదు. వీణకి ఇరవైనాలుగు మెట్లున్నాయి. మెట్టు మీద వేలు పెడితే స్వరం దానంతటదే పలుకుతుంది. ఇదే వీణలో సుఖం, ఇదే వీణలో మోసం కూడా. చెవి నిద్రపోతున్నా వేళ్ళు పాఠం అప్పజెప్పేస్తాయి. గమకం దగ్గరికి వచ్చేసరికి బండారం బయటపడుతుంది. ఒకే మెట్టు మీద తీగని పక్కకి లాగి పై స్వరాలు పలికించాలి. ఎంత లాగాలో మెట్టు చెప్పదు, పుస్తకం చెప్పదు. చెవే చెప్పాలి. కీర్తనలు వచ్చినా కూడా కొందరి వాద్యం టైపు కొట్టినట్టు వినిపించడానికి కారణం ఇదే.

ఇక నచ్చని సంగతులు.

మొదటిది, ఆవిడ అందరికీ ఒకటే కొలత వేస్తారు. ఎనిమిదేళ్ళ పిల్లకీ, నలభై ఏళ్ళ ఇల్లాలికీ అదే వరస, అదే వేగం. పెద్దావిడకి మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకానే తీరిక. ఆవిడకి అరగంట 'స' అనిపించి పంపిస్తే ఎన్నాళ్ళు వస్తుంది? కిందటేడు చేరిన ముగ్గురు పెద్దవాళ్ళలో ఇద్దరు మానేశారు. "మూణ్ణెల్లయిందండీ, ఒక్క గీతమైనా రాలేదు" అన్న వాళ్ళ ఫిర్యాదుని ఓపిక లేనితనం అని కొట్టిపారెయ్యలేం. శ్రుతితోపాటు చిన్న గీతం ఒకటి చేతికిస్తే వచ్చే నష్టమేమిటి? ఆకలితో వచ్చినవాళ్ళకి వంట నేర్పేటప్పుడు కూడా ముందు నాలుగు ముద్దలు పెట్టాలి కదా!

రెండోది, సినిమా పాట పేరెత్తితే ఆవిడకి కోపం. ఇది మాత్రం నాకు బొత్తిగా అర్థం కాదు. గుడివాడ పక్క చౌటపల్లిలో పుట్టిన ఘంటసాలగారు విజయనగరం వెళ్ళి ఎంత కష్టపడి సంగీతం చదువుకున్నారో మనందరికీ తెలుసు. అంతటి మనిషి పాడిన పాటని ఒక పిల్ల రేడియోలో విని, ఎవరూ స్వరాలు రాసివ్వకుండా, తనంత తానుగా వీణ మీద వెతుక్కుని పలికించిందనుకోండి. ఆవిడ నేర్పదలచుకున్నది అదే కదా! చెవితో విన్నది చేతితో పలికించడం. ఆ పిల్లని మందలించడమంటే తన పాఠాన్ని తనే మందలించుకోవడం. ఈ మాట ఆవిడతోనే అన్నాను. "మీరు పిల్లల్ని పాడుచేసేస్తున్నారండీ" అని నవ్వారే గాని ఒప్పుకోలేదు.

ఈమధ్య ఆవిడ అమెరికాలో వున్న ఇద్దరు పిల్లలకి ఫోనులో బొమ్మ చూస్తూ పాఠం చెబుతున్నారు. అక్కడే ఈ పద్ధతి బలం బాగా తెలిసింది. ఫోనులోంచి చెయ్యి చాపి ఆ పిల్లల వీణకి బిరడ తిప్పడం ఏ మేష్టారికైనా సాధ్యమా? శ్రుతి నేర్పని వాళ్ళు ఆ పాఠం అసలు మొదలుపెట్టలేరు. ఒకప్పుడు గూడూరులో కొత్తకోడలికి ఎదురైన చిక్కే ఇప్పుడు సముద్రాల అవతల పిల్లలకీ ఎదురవుతోంది. ఫోనులోనే శ్రుతి చూపించే యాప్ లున్నాయి కదా అంటారేమో. వున్నాయి. తీగ మీటగానే ముల్లు కదిలి, సరిపోగానే పచ్చరంగు వెలుగుతుంది. ఒంటరిగా వుండే మనిషికి అది మంచి తోడే, వద్దనను. కాని ముందు చెవితో కలిపి, తర్వాత ముల్లుతో సరిచూసుకోవాలన్న పంతులమ్మగారి నియమం నాకు సబబుగా తోచింది. ముల్లునే నమ్ముకుంటే, కిటికీలోంచి వీధి చూస్తూ కూర్చున్న రోజులే మళ్ళీ వస్తాయి. మేష్టారి బదులు యంత్రం శ్రుతి చేస్తుంది, అంతే తేడా.

పోయిన మాఘంలో పక్క వూరి నుంచి అరవై దాటిన ఒక పెద్దావిడ వచ్చింది. ఆటోలో వీణ పెట్టుకుని వచ్చింది. "పాటలు నాకేం నేర్పక్కర్లేదమ్మా, వేళ్ళకి ఇంకా గుర్తే. తీగే మాట వినడం లేదు. దానికి మాట వినడం నేర్పు చాలు" అంది. పంతులమ్మగారు ఆ ఒక్కసారికి తన వరసా వేగమూ పక్కనపెట్టారు. ముందు పాత తీగలన్నీ విప్పించి, కొత్తవి ఆవిడచేతే కట్టించారు. ఆరు వారాలు, వారానికి రెండు పూటలు. ఆరో వారం ఆవిడే ఏడు తీగలూ కలుపుకుని, పన్నెండేళ్ళ వయసులో నేర్చుకున్న గీతం వాయించింది. తప్పులు లేకపోలేదు. లాగాల్సిన చోట వేలు లాగలేకపోయింది. అయినా గదిలో వున్న పిల్లలు గుసగుసలు మానేసి విన్నారు. "ఇన్నాళ్ళూ నాకు సంగీతం రాదనుకున్నానమ్మా" అంది ఆవిడ గవిసెన కడుతూ. రాకపోవడమేమిటి! ఆవిడకి రానిది సంగీతంలో ఒక్క ముక్క, ఆరు వారాల పని. ఆ ముక్క నేర్పనందువల్ల దాదాపు యాభై ఏళ్ళ సంగీతం పోయింది. ఇది ఆమె ఒక్కరి నష్టమైతే ఇంత రాసేదాన్ని కాదు.

పిల్లని వీణలో చేర్పించడానికి వెళ్ళినప్పుడు మనం అడిగే మొదటి ప్రశ్న, "ఎన్నాళ్ళకి కీర్తన వస్తుందండీ?" అని. పెళ్ళిచూపుల బదులు ఇప్పుడు పోటీలూ, పరీక్షలూ, సర్టిఫికెట్లూ వచ్చాయి గాని తొందర అదే తొందర. ఈసారి ఆ ప్రశ్న కాస్త ఆపి, "శ్రుతి చేసుకోవడం ఎప్పుడు నేర్పుతారు?" అని అడిగి చూడండి. "అదంతా నేను చూసుకుంటానమ్మా, మీకెందుకు?" అన్న మేష్టారు ఎంత విద్వాంసులైనా ఒకసారి ఆలోచించండి. "మొదటి నెలలోనే" అన్నవారు దొరికితే, కీర్తన ఆర్నెల్లు ఆలస్యమైనా సరే, పిల్లని అక్కడే కూర్చోబెట్టండి.

మంచం కింద వీణ వున్నవాళ్ళకి కూడా ఒక మాట. తీగలు తుప్పు పట్టి వుంటే మార్పించుకోండి. కొత్త తీగలకి పెట్టే ఖర్చు ఒక మామూలు చీర ఖరీదు దాటదు. తర్వాత నేర్చుకోవలసింది రెండే స్వరాలు.